మూర్ఛ: మందు మానరాదు, మరుగుపరచరాదు

స్మృతి తొలగిపోవడాన్నే ఆయుర్వేదం అపస్మారం అన్నది. చరకుడు దీనిని వాత, పిత్త, కఫ, సన్నిపాత భేదాలతో నాలుగు విధాలుగా వర్ణించాడు. మెదడు కణాలలో విద్యుత్ ప్రసారం కొద్దిసేపు అదుపు తప్పడమే ఫిట్స్ అని ఆధునిక వైద్యం చెబుతున్నది. ఇది గాలి సోకడం వల్ల రాదు, అంటువ్యాధి కాదు.

కారణాలు

కాన్పు సమయంలో బిడ్డకు ప్రాణవాయువు అందకపోవడం, తలకు దెబ్బ, మెదడువాపు, పక్షవాతం, కణితి ముఖ్యమైనవి. మన దేశంలో బద్దెపురుగు మరొక కారణం. దాని గుడ్లు కలుషితమైన నీటితో, సరిగా కడగని ఆకుకూరలతో కడుపులో చేరితే, వాటి పిల్లపురుగులు మెదడులో తిత్తులుగా నిలుస్తాయి. కనుక శాకాహారులకూ ఇది రావచ్చు. చాలామందిలో కారణం తేలదు.

ఫిట్స్ వచ్చినప్పుడు

చేతిలో తాళంచెవులు పెట్టగానే తగ్గిందని నా వద్దకు వచ్చేవారు తరచు చెబుతారు. ఫిట్స్ సాధారణంగా రెండు మూడు నిమిషాలలో వాటంతటవే ఆగుతాయి. ఆ కీర్తి ఇనుముకు దక్కుతున్నది. రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద మెత్తని బట్ట ఉంచి, మెడ దగ్గర దుస్తులు వదులు చేయాలి. కాళ్లూ చేతులూ అదిమిపట్టరాదు. పళ్ల మధ్య చెంచా పెట్టరాదు. స్పృహ పూర్తిగా వచ్చేవరకు నీరు తాగించరాదు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

చికిత్స

బ్రాహ్మీఘృతం, పంచగవ్యఘృతం అపస్మారానికి శాస్త్రోక్తమైనవే. అయితే న్యూరాలజిస్టు రాసిన మాత్రలు కొనసాగిస్తూ, ఆయనకు తెలియజేసిన తరువాతనే నేను వాటిని ఇస్తాను. "ఘృతం మొదలుపెట్టాము కదా, మాత్రలు ఆపవచ్చునా?" అని తల్లులు అడుగుతారు. ఆపరాదు. హఠాత్తుగా మానితే ఫిట్స్ ఎడతెగకుండా వచ్చి ప్రాణాపాయం కలుగవచ్చు. సక్రమంగా వాడితే నూటికి 70 మంది వరకు ఫిట్స్ లేకుండా జీవించగలరు. కనీసం రెండేళ్లు ఫిట్స్ రాకుంటేనే, క్రమంగా తగ్గించే విషయం వైద్యుడు ఆలోచిస్తాడు.

నిద్ర తగ్గరాదు, మద్యం తగదు. రోగిని నీటికి, నిప్పుకు, ఎత్తైన చోట్లకు దూరంగా కాపాడమని చరకుడు చెప్పిన జాగ్రత్త నేటికీ వర్తిస్తుంది. బావి వద్దకు, పొయ్యి వద్దకు ఒంటరిగా పంపకండి.

వివాహం

అత్తవారింట మాత్రలు చాటుగా మింగలేక మానివేసి, మళ్లీ ఫిట్స్ పాలైన కొత్త కోడళ్లను నేను చూశాను. హిందూ వివాహ చట్టంలో వివాహానికి అడ్డంకిగా ఉండిన మూర్ఛను 1999 సవరణలో తొలగించారు. కాబట్టి దాచవద్దు. సంబంధం కుదుర్చుకునే ముందే వరుని వారికి తెలియజేయండి. అమ్మాయి సామానులో మాత్రల చీటీని కూడా ఉంచండి.