దారి తప్పిన శిలాజాలు

1987వ సంవత్సరం. కెనడాలోని కాల్గరీ నగరంలో భూగర్భ శాస్త్రవేత్తల అంతర్జాతీయ సదస్సు జరుగుతున్నది. ఆస్ట్రేలియాలోని మాక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టాలెంట్ ప్రసంగిస్తున్నారు. శ్రోతలలో చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు విశ్వజిత్ గుప్తా కూడా ఉన్నారు. హిమాలయ శిలాజాలను గురించి గుప్తా ప్రకటించిన పరిశోధన పత్రాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఆ పర్వతాల పూర్వచరిత్ర రాసేవారికి అవే ఆధారాలు. ఆయన ఎదుటనే టాలెంట్ ఒక కఠోరమైన మాట అన్నారు: ఆ శిలాజాలలో అనేకం హిమాలయాలలో దొరికినవని నమ్మడానికి వీలు లేదు.

శిలాజం విలువ రాతిలో కంటె అది దొరికిన చోటులో ఎక్కువ ఉంటుంది. ఏ కొండలో, ఏ పొరలో, ఏ జీవి అవశేషం దొరికిందో తెలిస్తే ఆ పొర వయసు తెలుస్తుంది. పొరల వయసులను వరుసగా పేర్చితే పర్వతం చరిత్ర తెలుస్తుంది. చోటు తప్పయితే ఆ చరిత్ర అంతా తప్పవుతుంది.

టాలెంట్ చూపిన ఆధారాలు రెండు రకాలు. కోనోడాంట్లు అనేవి ఇసుక రేణువంతటి దంతాకారపు శిలాజాలు. సున్నపురాతిని ఆమ్లంలో కరిగించి, సూక్ష్మదర్శిని క్రింద వెదికి వీటిని ఏరుతారు. హిమాలయాలవని గుప్తా చూపినవి అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఆమ్స్‌డెల్ క్రీక్ అనే వాగు వద్ద దొరికే కోనోడాంట్లను అచ్చుగుద్దినట్లు పోలి ఉన్నాయి. రెండవవి అమ్మోనాయిడ్లు. ఇవి మెలికలు తిరిగిన గుల్లల శిలాజాలు. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలు ఈ వర్గానివే. టాలెంట్ పారిస్‌లో చూసిన మొరాకో దేశపు అమ్మోనాయిడ్లు, గుప్తా హిమాలయాలలో దొరికాయన్న వాటిని పోలి ఉన్నాయి. 1989లో ‘నేచర్’ పత్రికలో టాలెంట్ ఈ విషయాలను లోకానికి వెల్లడించారు. ఖండాలు దాటి తిరిగిన ఆ రాళ్ళకు ఆయన పెట్టిన పేరు ‘సంచార శిలాజాలు’.

ఇంతకాలం ఇది ఎలా సాగింది? గుప్తాతో కలిసి పత్రాలు రాసినవారిలో విదేశాల ప్రముఖులు అనేకులు. నమూనా వారి చేతికి వచ్చేది. అది ఏ జీవిదో వారు నిర్ణయించేవారు. ఎక్కడ దొరికిందన్న సంగతి మాత్రం గుప్తా మాట మీదనే ఆధారపడేది. ఫ్రెంచి శాస్త్రవేత్త ఫిలిప్ జాన్వియే అటువంటి సహరచయితలలో ఒకరు. నమ్మకం ఎలా భగ్నమైనదో ఆయన ఆ పత్రికలోనే రాశారు. దొరికిన స్థలాల వర్ణనలు అస్పష్టంగా ఉండడం వల్ల మరొకరు వెళ్ళి సరిచూడడం కష్టమయ్యేది.

పంజాబ్ విశ్వవిద్యాలయం 1990లో విచారణ ప్రారంభించింది. 1994లో గుప్తా దోషి అని తేలింది. పదకొండు నెలలు సస్పెన్షన్‌లో ఉంచారు. పరిపాలన బాధ్యతలు తొలగించారు. ఉద్యోగం మాత్రం పోలేదు. 2002లో ఆయన మామూలుగానే పదవీ విరమణ చేశారు. కాల్గరీ ప్రసంగానికీ విచారణ ఫలితానికీ మధ్య ఏడేళ్ళు గడిచాయి.

శిక్ష చాలినదా కాదా అన్న చర్చ కంటె ముఖ్యమైన ప్రశ్న ఒకటి ఉన్నది. పరిశోధనశాలలో ఒక విద్యార్థికి అనుమానం వస్తే అతడు ఎవరితో చెప్పుకోవాలి? అతని సిద్ధాంత గ్రంథం మీద సంతకం చేయవలసినది ఆ గురువే. ఉపకార వేతనం, రేపటి ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం, అన్నీ ఆ చేతిలోనివే. చెప్పుకొనే చోటు లేనప్పుడు సందేహం గొంతులోనే ఆగిపోతుంది.

ఈ లోటు మన శాస్త్రవేత్తలలో కొందరికి ముందే తోచింది. శరీరధర్మ శాస్త్రవేత్త ఔతార్ సింగ్ పెయింటల్ ప్రభృతులు 1986లో శాస్త్రీయ విలువల పరిరక్షణకు ఒక సంఘాన్ని నెలకొల్పారు. ఆ సంఘానికి శిక్షించే అధికారం లేదు. నిజానిజాలు పరిశీలించి తన అభిప్రాయం ప్రకటించడమే దాని బలం. అమెరికా ప్రభుత్వం 1992లో పరిశోధనా నిజాయితీకి ప్రత్యేక కార్యాలయం ఏర్పాటు చేసింది. మన విశ్వవిద్యాలయాల నిధుల సంఘం 2018లో గ్రంథచౌర్య నివారణ నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం సిద్ధాంత గ్రంథంలో పరుల రచనతో పోలిక పది శాతం దాటితే దిద్దుకోవాలి. అరవై దాటితే నమోదే రద్దవుతుంది. మరుసటి ఏడాది డాక్టరేటు విద్యార్థులందరికీ పరిశోధనా నీతిపై పాఠ్యక్రమాన్ని తప్పనిసరి చేసింది.

ఇవి మంచి అడుగులే. కాని శాతాలు లెక్కించే యంత్రం కాపీ కొట్టిన వాక్యాన్ని పట్టగలదు; న్యూయార్క్ నుంచి వచ్చిన రాతిని పట్టలేదు. దానికి కావలసినది దైనందిన క్రమశిక్షణ. పుటల సంఖ్యలు వేసి కుట్టిన పుస్తకంలో ఏ రోజు పని ఆ రోజే తేదీతో రాయడం. ప్రతి నమూనాకూ సంఖ్య వేసి, దొరికిన చోటును పటంలో గుర్తించి, ఇతరులు చూడగలిగేలా భద్రపరచడం. పత్రం రాయకముందే ఎవరి పని ఎంతో, ఎవరి పేరు ఎక్కడో తేల్చుకోవడం. ఇవి చిన్న పనులు. పరిశోధకులు చేసే తప్పులన్నీ దురుద్దేశంతో చేసినవి కావు. లెక్కకు అందని ఒక్క అంకెను వదిలివేయవచ్చునా అని సందేహించే యువకునికి కావలసింది దండన కాదు, సలహా. అందుకే ప్రతి విశ్వవిద్యాలయంలో గురువు అజమాయిషీలో లేని పెద్ద ఒకరు ఉండాలి. ఆయన అడిగినవారికి దారి చూపాలి. ఫిర్యాదు చేసినవారికి రక్షణ కల్పించాలి. విచారణ ముగిసేదాకా నింద పడినవారి పరువునూ కాపాడాలి.

గుప్తా పత్రాలు గ్రంథాలయాలలో ఈనాటికీ ఉన్నాయి. వాటిని తెరిచే భూగర్భ శాస్త్రవేత్త అందులో ఏది నిజమో, ఏది కాదో మళ్ళీ కొండ ఎక్కి చూసుకోవలసిందే. కొత్తగా చేరిన శిష్యుని వెంట తీసుకువెళ్ళే ఆచార్యుడు అక్కడ నేర్పవలసిన మొదటి పాఠం చాలా చిన్నది: రాయిని సంచిలో వేయకముందే, అది దొరికిన చోటు చీటీ మీద రాయాలి.