తుమ్మలపల్లె శిలలోని సూక్ష్మ కణములు

కడప జిల్లా వేముల మండలములోని తుమ్మలపల్లె పేరు విననివారు మన విద్యార్థులలో అరుదు. యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా వారు అచ్చట గని త్రవ్వి, 2012లో ఉత్పత్తి ప్రారంభించిరి. ఆ శిలకు ఇంతటి ప్రాముఖ్యము ఎందుకు కలిగినది? సమాధానము పరమాణు కేంద్రకములో ఉన్నది.

పరమాణువు నడుమ మిక్కిలి చిన్నదైన కేంద్రకము కలదని 1911లో రూథర్‌ఫర్డ్ తెలిపెను. అందు ధనావేశముగల ప్రోటానులు ఉండును. ఆవేశము లేని న్యూట్రానును 1932లో చాడ్విక్ కనుగొనెను. మూలకము ఏదైనదీ నిర్ణయించునది ప్రోటానుల సంఖ్య. అవి 92 ఉన్నచో అది యురేనియమే.

సజాతి ఆవేశములు వికర్షించుకొనును గదా! మరి ఇన్ని ప్రోటానులు ఒక్కచోట ఎట్లు నిలిచినవి? కేంద్రక బలము వలన. అది విద్యుద్వికర్షణ కంటె ప్రబలమైనది. కాని ప్రక్కనున్న కణములను దాటి పనిచేయదు. వికర్షణ కేంద్రకమంతట వ్యాపించును. అందుచేత ప్రోటానులు పెరిగినకొలది, వాటిని పట్టి ఉంచుటకు న్యూట్రానులు మరింత అధికముగా కావలెను. సాధారణ ఆక్సిజన్‌లో 8 ప్రోటానులకు 8 న్యూట్రానులు చాలును. యురేనియం-238లో 92కు 146 ఉన్నవి. ఐనను ఆ కేంద్రకము స్థిరము కాదు. రెండు ప్రోటానులను, రెండు న్యూట్రానులను ఆల్ఫా కణముగా విసర్జించి అది థోరియముగా మారును. ఉన్న పరమాణువులలో సగము ఇట్లు మారుటకు సుమారు 450 కోట్ల సంవత్సరములు పట్టును. పిదప రేడియం, రాడాన్ మొదలగు దశలు గడచి, తుదకు సీసముగా స్థిరపడును.

ప్రకృతిలో లభించు యురేనియములో నూటికి 0.7 వంతు మాత్రము 143 న్యూట్రానులుగల యురేనియం-235. మందగతిలో వచ్చు న్యూట్రాను తగిలినచో దాని కేంద్రకము రెండుగా చీలి, శక్తిని, మరి రెండు మూడు న్యూట్రానులను వెలువరించును. అవి ఇతర కేంద్రకములను చీల్చును. ఈ గొలుసును అదుపులో ఉంచి విద్యుత్తు తీయుటయే రియాక్టరు పని.

అయితే శిలనుండి యురేనియమును వేరుచేసినను, రేడియం మొదలగునవి వ్యర్థపు బురదలోనే మిగులును. ఆ బురదను నిలువచేయు చెరువు వలన తమ బోరునీరు చెడినదని 2018 ప్రాంతమున పరిసర గ్రామాల రైతులు మొరపెట్టుకొనిరి. వానలు కరవైన మన సీమలో బోరునీరే ప్రాణాధారము. ఆ మొరను అజ్ఞానమని త్రోసివేయరాదు. పరీక్ష లేకుండ తీర్పు చెప్పనూరాదు. నీటిని క్రమముగా కొలిచి, ఫలితమును రైతుకు తెలుగులో, ఉర్దూలో విప్పిచెప్పవలెను. అట్లు చెప్పగల యువతీయువకులు మన కళాశాలనుండి బయలుదేరుదురు గాక!