తలుపు సందులోని లెక్క

శ్రీరంగాపురమున రంగనాయకస్వామి దర్శనము చేసికొని, రంగసముద్రపు గట్టు దిగి, పెబ్బేరు చేరి బస్సుకొరకు నిలుచుండువానికి 44వ జాతీయరహదారిమీద కర్నూలు దిక్కునుండి హైదరాబాదునకు పోవు కార్ల లారీలు తరచు కనబడును. 2019లో కార్ల ఉత్పత్తి నారంభించిన పెనుకొండ కియా కర్మాగారము ఈ రహదారి చెంతనే యున్నది. మొన్న అక్కడి టీకొట్టు ముందాగిన ఒక క్రొత్త కారు తలుపు అంచున బొటనవ్రేలు పెట్టి చూచితిని. పైనుండి క్రిందివరకు సందు ఒకే వెడల్పున, ఇంచుమించు నాలుగు మిల్లీమీటర్లు, ఎక్కడను తడబడక సాగినది. యజమాని అనుమానముగా చూచుటచే వ్రేలు తీసికొంటినిగాని, ఆ సందును గూర్చిన ఆలోచన వనపర్తి చేరువరకు నన్ను విడువలేదు.

కారును మరచీలలతో సహా విడదీసినచో దాదాపు 30,000 భాగములు తేలునని టయోటావారు చెప్పుదురు. వానిలో ఏ ఒక్కటియు పటములో గీచిన కొలతకు అచ్చముగా దిగదు. కావుననే ప్రతిదానికిని ఇంతవరకు హెచ్చుతగ్గులుండవచ్చునని పటమునందే ఒక సడలింపు వ్రాసియుందురు. తలుపు సందున పది భాగముల కొలతలు వరుసగా వచ్చి కూడుననియు, ఒక్కొక్కదాని సడలింపు అర మిల్లీమీటరనియు అనుకొందము. దోషములన్నియు ఒకే వైపునకు మొగ్గినచో మొత్తము 5 మిల్లీమీటర్లగును. అప్పుడు తలుపు మూసికొననే మూసికొనదు. కాని ఒకటి హెచ్చి, మరియొకటి తగ్గి, ఒకదానితో ఒకటికి పొత్తు లేకయున్నచో, అవి చాలవరకు తమలో తామే కొట్టుకొనిపోవును. సంభావ్యతా శాస్త్రము ననుసరించి అట్టి దోషముల వర్గములను కూడి వర్గమూలము తీయవలెను గనుక, మొత్తము 1.6 మిల్లీమీటర్లను మించుట అరుదు. ఇంజనీరు భయపడునది దోషముల ఐకమత్యమునకు. ఒక అచ్చు అరిగెనా, దానినుండి వెలువడు వేలకొలది రేకులును ఒకే వైపునకు మొగ్గును. వర్గమూలము అప్పుడు మనల నాదుకొనదు.

అరిగిన అచ్చు ఎంత దూరముననున్నదనునది మరియొక చిక్కు. 1942లో వెలసి, బస్సు బాడీలకును, ఫ్రిజ్‌లకును, చేతిగడియారములకును పేరుగాంచిన హైదరాబాదు ఆల్విన్, 1980ల నడుమ జపాను నిస్సాన్‌తో జతగూడి జహీరాబాదున తేలికరకపు లారీలు కట్టసాగెను. తొలినాళ్లలో ముఖ్యభాగములు జపానునుండి పెట్టెలలో రావలసియుండెను. 1985 సెప్టెంబరులో న్యూయార్కు ప్లాజా హోటలున ఐదు దేశముల ఆర్థికమంత్రులు కూడి డాలరు విలువ దింపుటకు ఒప్పందము చేసికొన్న పిమ్మట, డాలరునకు 240 యెన్ల దరినున్న మారకము మూడేండ్లలో 130 దరికి దిగినది. జహీరాబాదు పెట్టెలోని మరచీల మారలేదు. రూపాయలలో దాని వెల మాత్రము రెట్టింపైనది. పోనీ దేశమునందే చేయించుకొందమన్న, అంత సన్నని సడలింపునకు లోబడి అచ్చు పోయగల చిన్న పరిశ్రమలు ఒక్క ఏట మొలచునవి కావు. కొంతకాలమునకే ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికి పోయినది. పెనుకొండకు కియా వచ్చినప్పుడు దాని కొరియా అనుబంధ పరిశ్రమలు కూడ వెంటవచ్చి చుట్టుప్రక్కల దిగుటలో రవాణా ఖర్చు కలిసివచ్చుటయే గాక వేరొక లాభమును కలదు. ఓడలో వచ్చిన భాగమున లోపము తేలునప్పటికి, అదే లోపముతో మరికొన్ని పెట్టెలు సముద్రముమీద నుండును. ప్రక్క ఊరి భాగమైనచో సాయంత్రమునకే అచ్చు సవరింపవచ్చును.

గద్వాల మగ్గము ముందు కూర్చుండువారికి ఈ సంగతి క్రొత్త కాదు. నూలు ఒడలికి పట్టు అంచును కలుపునపుడు పేక పేకకును రెండు దారములకు లంకె వేయవలెను. నూలు బిగువు వేరు, పట్టు బిగువు వేరు. ఒక్క పేకలో తప్పు కంటికానదు. జానెడు మేర సాగెనా, అంచు ముడుచుకొనిపోవును. నేతగాడు మగ్గమాపి, నాలుగు పేకలు విప్పి, మరల నేయును. ఆపుటకు ఆతడు ఎవరి అనుమతియు అడుగడు.

కార్ల కర్మాగారమున ఈ స్వాతంత్ర్యము చిరకాలము లేకపోయెను. లోపములకు కారణము మాత్రము వేరొకటి చెప్పెడివారు: కార్మికసంఘమున్నచోట పని చెడునని అరుగులమీద విన్నాము, క్లబ్బులలోను విన్నాము; దానికి పరీక్ష జరిగిన చోటు, నేడు తెలుగువారు విరివిగా నివసించు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. అక్కడి జనరల్ మోటార్స్ కర్మాగారమున ఒక్కొక్క దినము ఐదవవంతు పనివారు రాకుండెడివారు. ఏది జరిగినను కార్లు కూర్చు వరుస ఆగరాదనునది నియమము గనుక, బోల్టు బిగియని కారు కూడ ముందుకే సాగి, తుదకు మరమ్మతు ఆవరణలో పడియుండెడిది. 1982లో దానిని మూసివేసిరి. 1984లో టయోటా, జనరల్ మోటార్స్ ఉమ్మడిగా ‘నుమ్మీ’ అను పేర మరల తెరచినపుడు తీసికొన్నవారిలో అత్యధికులు ఆ పాత పనివారే. సంఘమును అదే, యునైటెడ్ ఆటో వర్కర్స్. రెండేండ్లలో అక్కడి కార్ల నాణ్యత జపాను కర్మాగారముల సరసకు చేరినది. గైర్హాజరు నూటికి రెండుమూడు పాళ్లకు పడిపోయినది.

‘నుమ్మీ’లో వరుస పొడవునను ఒక త్రాడు వ్రేలాడుచుండెడిది. పనివాడు లోపము కనిపెట్టి దానిని లాగినంతనే ఒక పాట మ్రోగును, జట్టు నాయకుడు పరుగున వచ్చును. కారు ఆ తావు దాటులోపల లోపము సవరింపబడదా, వరుసయే నిలిచిపోవును. అరిగిన అచ్చువలె అదే తప్పు నూరు కార్లలో పేరుకొనకుండ మొదటి కారుననే పట్టువడుటకు ఆ త్రాడే ఆధారము. అయితే త్రాడు లాగినందులకు ఉద్యోగము పోవునను భయమున్నచో దానిని ముట్టువాడెవడు? ఆ భయమును తీర్చినది సంఘముతో చేసికొన్న ఒడంబడిక: గత్యంతరము లేనిదే ఎవరినీ తొలగింపరాదని. 1988 దరిదాపుల అమ్మకములు మందగించినపుడు, మాట తప్పక, ఖాళీగానున్నవారికి శిక్షణ నిచ్చిరేగాని ఇంటికి పంపలేదు.

2010లో ‘నుమ్మీ’ మూతబడినది. ఆ కప్పుక్రిందనే నేడు టెస్లా కార్లు తయారగుచున్నవి, సంఘము లేకయే.