దూదితో కూరగాయల రంగు పరీక్ష

వాడిన బెండ, కాకర, పచ్చిమిరప కాయలు తాజాగా కనిపించడానికి కొందరు వ్యాపారులు అద్దే రంగు పేరు మాలకైట్ గ్రీన్. పట్టు, తోలు, కాగితపు అద్దకానికి ఉద్దేశించిన రసాయనమిది. మాలకైట్ అనే పచ్చని రాగి ఖనిజపు ఛాయను పోలినందున ఆ పేరు వచ్చినదే గాని, ఇందులో రాగి లేదు. ఆహారంలో దీని వాడకం నిషిద్ధం.

ధర్మపురి ఉళవర్ సందైలో కొన్నా, వీధిబండి మీద కొన్నా ఇంటివద్దనే దీనిని పసిగట్టవచ్చు. కేంద్ర ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ సూచించిన విధానం సులభమైనది. మందుల దుకాణంలో దొరికే లిక్విడ్ పారఫిన్‌లో దూదిని తడిపి కాయ పైతొక్కపై రుద్దాలి. దూది పచ్చబడితే రంగు వేసినట్లు అనుమానించాలి. తొక్క చిట్లని కాయనే ఎంచుకోవాలి. కోసిన కాయ, నలిగిన ఆకు తమ సహజమైన పసరునే దూదికి అంటిస్తాయి. చిలగడదుంప ఎర్రతొక్కకైతే నీటిలోగాని, వంటనూనెలోగాని తడిపిన దూది చాలు. అది ఎర్రబడితే రోడమిన్-బి కలిసిందని అనుమానం. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచుమిఠాయిని నిషేధించినది ఈ రంగు కారణంగానే. పచ్చి బఠాణీలను గాజుగ్లాసు నీటిలో కలిపి అరగంట ఉంచితే, పూసిన రంగు నీటిలోకి దిగుతుంది. బీట్‌రూట్‌కు ఇటువంటి పరీక్షలు పనికిరావు; దాని ఎరుపు దానిదే.

అయితే దూది చెప్పేది పైపూతను గురించి మాత్రమే. పురుగుమందు అవశేషాలను అది చూపలేదు. పారే నీటిలో రుద్ది కడగడం, తొక్క తీయడం వాటిని కొంత తగ్గిస్తాయి; కాయలోనికి ఇంకిన మందును ఏ ఉప్పునీరూ పూర్తిగా తీయలేదు.

తొందరపడి తీర్పు చెప్పడమూ ప్రమాదమే. 2025 వేసవిలో పుచ్చకాయలకు సూదితో రంగు ఎక్కిస్తున్నారన్న ప్రచారం తమిళనాట వ్యాపించగా, ధర పడిపోయి రైతులు నష్టపోయారు. పాలక్కోడు టమాటా సంతను నమ్ముకున్న ఈ జిల్లాలో అటువంటి వదంతి పుడితే ఎన్ని కుటుంబాలు చితికిపోతాయో చెప్పనక్కరలేదు.

అనుమానం తీరనివారికి చట్టమే దారి చూపింది. 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం 40వ సెక్షన్ ప్రకారం, కొనుగోలుదారు రుసుము చెల్లించి సరుకును ఆహార విశ్లేషకునిచేత పరీక్ష చేయించుకోవచ్చు. ఆ ఉద్దేశాన్ని కొనేటప్పుడే అమ్మకందారుకు తెలియజేయాలి. దోషం రుజువైతే రుసుము తిరిగి వస్తుంది. జిల్లా ఆహార భద్రతా విభాగానికి ఫిర్యాదు చేయదలచినవారు రంగు అంటిన దూదిని, మిగిలిన కాయలను పారవేయక వెంట తీసుకువెళ్ళడం మంచిది.