వరి రైతుల మొబైల్ యాప్‌లో పైభాగపు ట్యాబ్ పట్టీ: తెలుగు లిపికి తగిన నిర్మాణం

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలలో వరి ప్రధాన పంట. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలకు నాగార్జునసాగర్ ఎడమ కాలువ ముఖ్య ఆధారం కాగా, సూర్యాపేట పరిసరాలకు మూసీ ప్రాజెక్టు, శ్రీరాంసాగర్ రెండవ దశ కాలువలు సాగునీరు అందిస్తాయి. గడ్డిపల్లి, కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రాలు ఈ రైతాంగానికి సేవలందిస్తున్నాయి. ఇటువంటి ప్రాంతానికి సలహాల యాప్‌ను రూపొందించేటప్పుడు విషయం ఎంత ముఖ్యమో, దానికి దారి చూపే ట్యాబ్ పట్టీ కూడా అంతే ముఖ్యం. సుడిదోమ దుబ్బు మొదళ్లలో చేరి రసం పీలుస్తుంది. పైనుంచి చూస్తే కనబడదు. పైరు సుడులుగా ఎండే నాటికి నష్టం జరిగిపోతుంది. కావున సలహా ఫోన్‌లో ఉండి కూడా రైతుకు సకాలంలో దొరకకపోతే అది లేనట్లే.

విభాగాల ఎంపిక

ఒకే స్థాయికి చెందిన, రైతు తరచుగా మార్చి చూసుకొనే విభాగాలకే ట్యాబ్‌లు తగినవి. ఉదాహరణకు వాన, నీళ్లు, సస్యరక్షణ, ధరలు. మూడు పట్టణాల పేర్లను ట్యాబ్‌లుగా పెట్టరాదు. ప్రాంతం అన్ని విభాగాలకూ వర్తించే ఎంపిక గనుక దానిని మొదటిసారి అడిగి భద్రపరచాలి. అయితే ధరల విభాగంలో మాత్రం సూర్యాపేట మార్కెట్ యార్డు, మిర్యాలగూడ ధాన్యం ధరలను పక్కపక్కన చూపడం మేలు. ఎక్కడ అమ్మాలన్నది రైతు పోల్చి నిర్ణయించుకొనే విషయం.

పేర్ల నిడివి

360 యూనిట్ల వెడల్పు గల తెరపై నాలుగు ట్యాబ్‌లను సమానంగా అమర్చితే ఒక్కొక్కదానికి 90 యూనిట్లు వస్తాయి. ఫ్లట్టర్‌లో రెండు వైపులా 16 యూనిట్ల చొప్పున ఖాళీ పోగా అక్షరాలకు మిగిలేది 58 మాత్రమే. చోటు చాలనప్పుడు పేరు చివరి భాగం మసకబారుతుంది. తెలుగులో విశేషణం ముందు, అసలు పదం చివర వస్తాయి. అందువల్ల 'వరి తెగుళ్లు', 'వరి పురుగులు' రెండూ 'వరి' గానే మిగిలే ప్రమాదం ఉంది. 'తెగుళ్లు', 'పురుగులు' అని భేదం తెలిపే పదాన్నే పేరుగా ఉంచాలి. పేర్లు పొడవైనవి అయినప్పుడు పట్టీని పక్కకు జరిగేలా చేయవచ్చు. అయితే కనబడని ట్యాబ్ ఉన్నదన్న సంగతే రైతుకు తెలియకపోవచ్చు.

నిర్మాణ క్రమం

1. ఫ్లట్టర్‌లో యాప్‌బార్ స్థానంలో సొంత పట్టీని ఉంచాలంటే దాని ఎత్తును ముందుగా ప్రకటించాలి. అక్షరాలు మాత్రమే ఉన్న ట్యాబ్‌కు సహజమైన ఎత్తు 46 యూనిట్లు, బొమ్మతో కలిపితే 72. వేలితో తాకే చోటు కనీసం 48 యూనిట్లు ఉండాలి.

2. తెలుగులో గుడులు పైకి, ఒత్తులు కిందికి విస్తరిస్తాయి. ఇంగ్లిషుకు సరిపోయిన వరుస ఎత్తు ఇక్కడ చాలదు.

3. ట్యాబ్ కంట్రోలర్‌లోని సంఖ్య, ట్యాబ్‌ల సంఖ్య, పేజీల సంఖ్య మూడూ సమానంగా ఉండాలి.

4. ట్యాబ్ మారినప్పుడు పాత పేజీ స్థితి చెరిగిపోకుండా నిలిపి ఉంచాలి. లేనిచో సగం చదివిన సలహా మొదటికి వస్తుంది.

5. ఎంచుకొన్న ట్యాబ్‌ను రంగుతోనే గాక కింది గీతతో కూడా సూచించాలి. ఎండలో రంగు భేదం తెలియదు. అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య వ్యత్యాస నిష్పత్తి కనీసం 4.5:1 ఉండాలి.

క్షేత్ర పరీక్ష

'యాప్ బాగుందా?' అని అడిగితే మర్యాదకైనా బాగుందనే సమాధానం వస్తుంది. అందుకు బదులు పని అప్పగించాలి. 'ఆకులపై నూలుకండె ఆకారపు మచ్చలు కనిపించాయి, ఏమి చేయాలో వెతకండి' అని చెప్పి, రైతు మొదట ఏ ట్యాబ్‌ను తాకారో, అగ్గి తెగులు పేజీకి ఎంత సమయంలో చేరారో నమోదు చేయాలి. ఈ పరీక్షను పొలం గట్టున, పగటి వెలుతురులో, ఫోన్‌లో అక్షరాల పరిమాణం పెంచి కూడా జరపాలి.

ముగింపు

ఎక్కువమంది మొదట తప్పు ట్యాబ్‌ను తాకితే లోపం పేరులోనో, విభజనలోనో ఉన్నట్లు భావించి సవరించాలి. విస్తరణ శాస్త్రవేత్త రైతుల మాటను, విద్యార్థి నిర్మాణ నైపుణ్యాన్ని తెచ్చి కలిసి పనిచేసినప్పుడే సలహా అవసరమైన వేళకు రైతు చేతికి అందుతుంది.