నాస్ బాక్స్ మాటిమాటికీ హ్యాంగ్ అవుతోందా? స్విచ్ ఆపి వేసే ముందు ఇవి చూడండి

పెళ్లయి నెల దాటింది. వీడియో ఎప్పుడిస్తారంటూ పెళ్లివారు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. స్టూడియోలో చూస్తే ఫుటేజ్ మొత్తం ఉన్న స్టోరేజ్ బాక్స్‌లో లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. ఫోల్డర్ తెరిస్తే మాత్రం గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. స్విచ్ ఆపి వేస్తే కాసేపు పనిచేస్తుంది, సాయంత్రానికి మళ్లీ అదే కథ.

హిందూపురంలో ఫోటో స్టూడియో అయినా, ధర్మవరంలో పట్టుచీరల జకార్డ్ డిజైన్లు కంప్యూటర్‌లో వేసేవాళ్లయినా, పెనుకొండలో పిల్లల ఫోటోలన్నీ ఒకేచోట దాచుకునే కుటుంబమైనా ఇలాంటి బాక్స్ వాడుతుంటే ఈ తలనొప్పి ఎప్పుడో ఒకప్పుడు తప్పదు. దీన్నే నాస్ అంటారు. అంటే రౌటర్‌కు కేబుల్‌తో కలిపి, ఇంట్లో ఉన్న ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్ అన్నీ వాడుకునేలా పెట్టే హార్డ్ డిస్కుల డబ్బా. నిజానికి ఇది చిన్న కంప్యూటరే. దీనికీ ప్రాసెసర్, ర్యామ్, సాఫ్ట్‌వేర్ ఉంటాయి. కాబట్టి కంప్యూటర్‌కు వచ్చే రోగాలన్నీ దీనికీ వస్తాయి.

ముందు ఒక్క మాట. బాక్స్ ఇంకా అప్పుడప్పుడైనా పనిచేస్తోందంటే, రిపేర్ సంగతి తర్వాత. మళ్లీ దొరకని ఫైళ్లను ముందు వేరే హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. పెళ్లి వీడియో మళ్లీ తీయలేరు కదా! రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంటుంది కాబట్టి భయం లేదని చాలామంది అనుకుంటారు. ఒక డిస్క్ చెడిపోతే అది కాపాడుతుంది, నిజమే. కానీ పొరపాటున డిలీట్ చేస్తే రెండింట్లోనూ పోతుంది. బాక్స్‌కు పిడుగు దెబ్బ తగిలితే రెండూ ఒకేసారి పోవచ్చు.

నిజంగా హ్యాంగ్ అయ్యిందా?

చాలాసార్లు బాక్స్ బాగానే ఉంటుంది, దారి మూసుకుపోయి ఉంటుంది. ఆగిపోయినప్పుడు వెంటనే స్విచ్ దగ్గరికి వెళ్లకుండా రౌటర్ పేజీ తెరిచి, కనెక్ట్ అయిన పరికరాల జాబితాలో నాస్ ఐపీ నంబర్ ఏముందో చూడండి. ఆ నంబర్‌ను ఫోన్ బ్రౌజర్‌లో కొట్టండి. బాక్స్ లాగిన్ పేజీ వచ్చి, ఫోల్డర్లు మాత్రం తెరుచుకోకపోతే డిస్క్ మీద అనుమానం పెట్టుకోవాలి. పేజీ కూడా రాలేదంటే పవర్, వేడి, లేదా బోర్డు. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రౌటర్‌కు కలిపితే పనిచేసి, వైఫైలో మాత్రం ఆగిపోతోందంటే నాస్‌ను వదిలేసి వైఫైని చూడండి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ బాక్స్ ‘కనిపించడం లేదు’ అంటోందా? రౌటర్ దానికి కొత్త ఐపీ నంబర్ ఇచ్చి ఉండొచ్చు. ఫోన్, టీవీ పాత నంబర్ దగ్గరే తలుపు కొడుతుంటాయి. రౌటర్ సెట్టింగుల్లో నాస్‌కు ఎప్పుడూ ఒకే నంబర్ ఇచ్చేలా పెడితే ఈ గొడవ ఉండదు.

కేబుల్ సంగతీ తక్కువది కాదు. నెట్‌వర్క్ కేబుల్ లోపల నాలుగు జతల తీగలుంటాయి. గిగాబిట్ వేగానికి నాలుగూ కావాలి. ఎలుక కొరికో, ఎండకు పాడయ్యో ఒక జత తెగితే లింక్ మొత్తానికే పోవచ్చు, లేదా చప్పుడు చేయకుండా 100 ఎంబీపీఎస్‌కు పడిపోవచ్చు. 100 ఎంబీపీఎస్‌తో రికార్డ్ చేసిన 4కే వీడియో గంటకు 45 జీబీ వస్తుంది. గిగాబిట్ లింక్‌లో అది 7 నిమిషాల్లో కాపీ అవుతుంది. పడిపోయిన లింక్‌లో గంటకు పైనే. అదే లింక్‌లో టీవీ కూడా సినిమా చూస్తుంటే, బాక్స్ చచ్చిపోయిందనే అనుకుంటాం.

డిస్క్ మొండికేస్తే..

అసలైన హ్యాంగ్‌లలో మొదట అనుమానించాల్సింది డిస్క్‌నే. హార్డ్ డిస్క్ మీద ఒక చోట చదవడం కుదరకపోతే, మామూలు డెస్క్‌టాప్ డిస్క్ ఓటమి ఒప్పుకోదు. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ పోతుంది. అది నిమిషం దాటినా ఆశ్చర్యం లేదు. అంతసేపూ బాక్స్ దాని జవాబు కోసం కాచుకుని కూర్చుంటుంది. మనకు అది హ్యాంగ్. నాస్ కోసమే తయారైన డిస్కులు ఇలా కాదు. సాధారణంగా ఏడు సెకన్లలోపే ‘నా వల్ల కాలేదు’ అని చెప్పేస్తాయి. రెండో డిస్క్ ఉంటే అందులోంచి బాక్స్ డేటా తెచ్చుకుంటుంది. పాత కంప్యూటర్‌లోంచి పీకిన డిస్క్ వేసిన బాక్సుల్లో ఈ రోగం ఎక్కువ కావడానికి కారణం ఇదే.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. బాక్స్ సెట్టింగుల్లో స్టోరేజ్ విభాగంలో ‘స్మార్ట్’ అనే రిపోర్ట్ ఉంటుంది. అందులో వరుస నంబర్ 5, 197, 198 చూడండి. 5 అంటే ఇప్పటికే చెడి, వేరే చోటికి మార్చిన భాగాలు. 197 అంటే చదవలేక పెండింగ్‌లో పెట్టినవి. ఈ నంబర్ల ఎదురుగా అసలు విలువ సున్నా ఉండాలి. 197 దగ్గర అంకె రోజురోజుకూ పెరుగుతోందంటే ఆ డిస్క్ రోజులు లెక్కపెట్టుకుంటోందనే అర్థం. 199 పెరుగుతుంటే మాత్రం డిస్క్ కంటే ముందు దాని కనెక్షన్‌ను అనుమానించాలి. బాక్స్ ఆపి, డిస్క్ తీసి, మళ్లీ గట్టిగా కూర్చోబెడితే చాలాసార్లు తగ్గుతుంది.

కొత్త డిస్క్ కొన్నా ఒక చిక్కుంది. డేటాను ఒకదానిపై ఒకటి పెంకుల్లా పేర్చి రాసే ఎస్‌ఎంఆర్ డిస్కులు పెద్ద కాపీల్లో ఊపిరి ఆడక ఆగిపోతుంటాయి. 2020 ఏప్రిల్‌లో వెస్టర్న్ డిజిటల్ కంపెనీ, నాస్ కోసమే అమ్మిన తన రెడ్ డిస్కుల్లో 2 టీబీ నుంచి 6 టీబీ వరకు కొన్నింట్లో ఇదే పద్ధతి వాడుతున్నట్టు బయటపెట్టాల్సి వచ్చింది. కొనేముందు సీఎంఆర్ డిస్కేనా అని షాపులో అడగండి. తెలియదంటే మోడల్ నంబర్ తీసుకుని కంపెనీ సైట్‌లో చూసుకోవడమే మేలు.

మన ఊళ్ల కరెంటు, మన ఊళ్ల ఎండ

రెండు డిస్కులుండే బాక్సుల్లో చాలావాటికి 12 వోల్ట్‌ల అడాప్టర్ వస్తుంది. పెద్ద హార్డ్ డిస్క్ ఒకటి తిరగడం మొదలుపెట్టే క్షణంలో సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. నాలుగైదేళ్లు వాడిన అడాప్టర్ లోపలి కెపాసిటర్లు బలహీనపడితే, మామూలుగా బాగానే ఉండి, రెండు డిస్కులూ ఒకేసారి పని అందుకోగానే వోల్టేజ్ జారిపోతుంది. బాక్స్ ఆగిపోతుంది, లేదా దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. అన్నింటికంటే చవకైన రిపేర్ ఇదే. వోల్ట్‌లు అవే ఉండాలి, పిన్ అదే ఉండాలి, ఆంపియర్లు పాతదానికి సమానంగానో ఎక్కువగానో ఉండాలి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారా? దాని వెనకాల మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, ఎకో మోడ్ అని రెండుంటాయి. ఎకోలో పెడితే బాగా పడిపోయిన వోల్టేజ్‌ను కూడా అలాగే వదిలేస్తుంది, కరెంటు పోయినప్పుడు మారడమూ ఆలస్యం. ఫ్యాన్‌కు అది తెలియను కూడా తెలియదు, నాస్‌కు తెలుస్తుంది. చిన్న యూపీఎస్ ఒకటి విడిగా పెట్టి, దాని యూఎస్‌బీ తీగను నాస్‌కు కలిపితే, బ్యాటరీ అయిపోయేలోపు బాక్స్ తనంతట తానే పద్ధతిగా ఆగిపోతుంది. ఈ సౌకర్యం ఉన్న యూపీఎసేనా అని కొనేటప్పుడే అడగాలి.

ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. టీవీ కింద చెక్క అరలో, రౌటర్ పక్కన, దుమ్ము పట్టిన ఫ్యాన్‌తో ఉన్న బాక్స్ పరిస్థితి ఊహించుకోండి. డిస్క్ వేడి 50 డిగ్రీలకు పైనే ఉంటోందని సెట్టింగుల్లో కనిపిస్తే ముందు చోటు మార్చండి. వెనక ఫ్యాన్ తిరుగుతోందో లేదో చేత్తో చూడండి.

ఇవేవీ కాకపోతే ఆగిపోయే టైమ్ రాసి పెట్టుకోండి. రోజూ రాత్రి ఒకే గంటకు అయితే, బ్యాకప్ లాంటి టైమ్ పెట్టిన పని ఏదో నడుస్తున్నట్టే. వేల ఫోటోలు ఒకేసారి ఎక్కించాక మొదలైతే, ఫోటోల్లో ముఖాలు గుర్తుపట్టే పనిలో బాక్స్ తలమునకలై ఉంటుంది. ర్యామ్ తక్కువున్న పాత బాక్స్‌కు అది మోయలేని బరువు. ఆ ఫీచర్ ఆపేసి చూడండి. డిస్క్ నిండా నింపినా ఇంతే, పదో వంతైనా ఖాళీ ఉంచాలి.

కొన్నిసార్లు తప్పు మనది కాదు. ఇంటెల్ ఆటమ్ సీ2000 చిప్‌లో గడియారం సంకేతం కొన్నేళ్లకు ఆగిపోయే లోపం ఉందని 2017లో బయటపడింది. సైనాలజీ డీఎస్1515 ప్లస్ లాంటి బాక్సుల్లో ఉన్నది ఆ చిప్పే. ఆ కంపెనీ అప్పట్లో వారంటీని ఏడాది పొడిగించింది. సెకండ్ హ్యాండ్‌లో అలాంటి మోడల్ చవకగా వస్తోందంటే కారణం ఆలోచించండి.

పాత బాక్స్ అప్‌డేట్లు ఆగిపోయాయంటే దాన్ని ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచొద్దు. 2021 జూన్‌లో ‘మై బుక్ లైవ్’ అనే పాత బాక్సుల్లోకి హ్యాకర్లు చొరబడటంతో చాలామంది ఫైళ్లు రాత్రికి రాత్రే తుడిచిపెట్టుకుపోయాయి. వాటికి 2015 తర్వాత అప్‌డేట్లే లేవు. చివరికి కంపెనీయే ఇంటర్నెట్ తీగ పీకేయమని చెప్పింది.

చివరగా, బాక్స్ పూర్తిగా ఆగిపోయి డిస్క్ తీసి విండోస్ కంప్యూటర్‌కు పెట్టారనుకోండి. ‘ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి’ అని అడుగుతుంది. డిస్క్ ఖాళీ అయిందని కాదు. నాస్ రాసిన పద్ధతి విండోస్‌కు చదవడం రాదు, అంతే. క్యాన్సిల్ నొక్కండి. అదే డిస్క్‌ను లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో తెలిసినవాళ్లతో తెరిపిస్తే ఫైళ్లు చాలాసార్లు అలాగే కనిపిస్తాయి. డిస్క్ లోపల టకటక శబ్దం వస్తుంటే మాత్రం ఆ ప్రయత్నం కూడా వద్దు. వెంటనే ఆపేసి డేటా రికవరీ వాళ్లకే ఇవ్వండి. అలాంటి డిస్క్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేస్తే మిగిలింది కూడా పోవచ్చు.