మొక్కకు మేలు చేసే తేమ గోడకు బూజు ఎందుకు పట్టిస్తుంది?

ఒక ఉష్ణోగ్రత వద్ద గాలిలో ఉండగల గరిష్ఠ నీటి ఆవిరిలో ప్రస్తుతం ఎంత శాతం ఉందో తెలిపే కొలతను సాపేక్ష ఆర్ద్రత అంటారు. ఏసీ గదిలో ఇది తగ్గినప్పుడు, పత్రరంధ్రాలనే సూక్ష్మద్వారాల గుండా నీరు వేర్లు అందించేదానికన్నా వేగంగా ఆవిరైపోయి, తేమ అడవులకు చెందిన ఆంథూరియం వంటి మొక్కల ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి పెళుసుబారతాయి. అలాగని తేమను పెంచుతూ పోవడమూ తగదు. బూజు అనే శిలీంధ్రం గాలిలో తేలే సిద్ధబీజాల ద్వారా వ్యాపిస్తుంది కనుక, చల్లని గోడను తాకిన ఆవిరి నీటిపొరగా మారితే అవి అక్కడే మొలకెత్తుతాయి. ఆర్ద్రతను 50 నుంచి 60 శాతం మధ్య నిలిపి, కుండీలను గోడకు ఎడంగా జరిపి, మట్టి పైపొర ఆరాకే నీళ్లు పోసి, గాలి ఆడనివ్వడం అన్నిటికన్నా ముఖ్యం. ఆకులపై నీళ్లు చిలకరించడం వల్ల మాత్రం పెద్ద ప్రయోజనం లేదు, ఆ తేమ ఎంతోసేపు నిలవదు.